ఇంటి మరమ్మతులు: గాలి తుపాకికి ఒక పనిముట్ల పెట్టె



కిందటి నెల కుట్టుమిషను గురించి వ్రాసిన మీదట యానాం నుంచి ఒక సోదరుడు ఇలా అడిగారు: "మా అటక మీద తాతల నాటి గాలి తుపాకి ఒకటి ఉన్నది. దానిని ఇంట్లోనే బాగు చేసుకొనడానికి ఏయే పనిముట్లు కావాలి?" ఈ ప్రశ్నకు జవాబు వ్రాసే అర్హత నాకు చదువువల్ల రాలేదు. నా ఎడమ కనుబొమ మీద పడిన మూడు కుట్ల వల్ల వచ్చింది. ముందు ఆ సంగతి చిత్తగించండి.

మా మేనమామ షోలాపురంలో మగ్గం నేసేవాడు. సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా యాత్ర రాగానే మగ్గం ఆపి, మైదానంలో బెలూన్ల దుకాణం పెట్టేవాడు. చెక్క పలకకు వరుసగా రంగు బెలూన్లు, ముందు ఒక బల్ల, బల్ల మీద గాలి తుపాకి. వయసు మీద పడి దుకాణం మానుకొన్న తర్వాత ఆ తుపాకి మా అటక ఎక్కింది. మేము దాని ఊసే మరచినాము.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్సులో కొల్హాపురం జిల్లా కుర్రవాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కంచు పతకం తెచ్చాడు. రైల్వేలో టిక్కెట్ కలెక్టరుగా పనిచేసినవాడు. గుమాస్తా పని చేసుకొనే నాకు ఆ ముచ్చట చెప్పనలవి కాలేదు. మా అమ్మాయి మాత్రం ముచ్చటతో ఊరుకోలేదు. "నాయినా, నేను గూడ నేర్చుకుంట" అన్నది. నేర్పేచోట విచారిస్తే పిల్లలకు మొదట 10 మీటర్ల గాలి తుపాకితోనే ఆరంభం అన్నారు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకమూ, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు పతకమూ గెలిచినది ఆ పోటీలోనే. ఆ గురిపలకలో పదికి పది ఇచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంటే పెన్సిలుతో పెట్టిన చుక్కంత.

కొత్త తుపాకి కొనే స్తోమతు వెంటనే లేదు. అటక మీది తుపాకిని దింపి చూస్తే గుండు గొట్టంలోంచి బయటికి రావడమే గగనంగా ఉన్నది. "దీనికేముంది, సైకిలు విప్పినవాణ్ణి" అనుకొని ఒక ఆదివారం స్క్రూడ్రైవరు, పటకారు, సుత్తి పట్టుకొని కూర్చున్నాను. వెనుక మూతను పట్టి ఉంచే చీలను కొట్టి తీశాను. అంతే. లోపలి స్ప్రింగు ఆ మూతను ఎగదన్నింది. అది నా కనుబొమ చీల్చి, వెనుక గోడకు తగిలి పెచ్చు ఊడగొట్టింది. మా అమ్మాయి అంతవరకు సరిగ్గా ఆ గోడ దగ్గరే నిలబడి చూస్తున్నది. మంచినీళ్ళు తెమ్మని నేను పంపి నిమిషం కాలేదు. కుట్లు వేయించుకొని ఇంటికి వచ్చిన తర్వాత మా ఇంటావిడ ఒకే మాట అన్నది: "ఇంట్ల ఆ తుపాకన్న ఉండాలె, లేకుంటే నీకు బుద్ధన్న రావాలె."

బుద్ధే తెచ్చుకొందామని నిశ్చయించాను. తెలిసినవారి దగ్గర కూర్చుని నేర్చుకొన్నాను. తుపాకిని విప్పడానికి ముందు పెట్టె సమకూర్చుకోవాలి, విప్పిన తర్వాత కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

పనిముట్ల సంగతికి ముందు యంత్రం సంగతి రెండు మాటల్లో. ఈ రకం తుపాకిలో గొట్టాన్ని కిందికి వంచితే లోపల బలమైన స్ప్రింగు ముడుచుకొని, దాని ముందున్న ముషలకం వెనుకకు పోయి మీట కొక్కెంలో చిక్కుకొంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు ముషలకాన్ని ముందుకు తోస్తుంది. దాని ముందున్న గాలి నలిగి సన్నని రంధ్రంగుండా గొట్టంలోకి దూకి గుండును తోస్తుంది. సైకిలు పంపు తీరే, కాని క్షణంలో పదోవంతు కూడా పట్టదు. ఎక్కుపెట్టకుండా ఊరక ఉన్నప్పుడు కూడా ఆ స్ప్రింగు కొంత నొక్కబడే ఉంటుంది. నన్ను కొట్టినది ఆ మిగులు బలమే.

ఇక పెట్టె. మొదటి వస్తువు కళ్ళద్దాలు. చత్వారపు అద్దాలు కావు, పక్కలు కూడా మూసి ఉండే పనివాళ్ళ అద్దాలు. రెండు జతలు కొనండి. చూసేవారికి కూడా కళ్ళున్నవి.

రెండవది స్ప్రింగును అదిమి పట్టే బిగింపు. వడ్రంగులు పలకలు అతికించేటప్పుడు వాడే పొడుగు క్లాంపు సరిపోతుంది. తుపాకి కదలకుండా కర్ర ఊయల వంటిది చేసి, వెనుక మూతకు క్లాంపు ఆనించి, కొంచెం బిగించి, అప్పుడు మాత్రమే చీల తీయాలి. తీసిన తర్వాత మరను చుట్టు చుట్టుగా వదులు చేస్తే స్ప్రింగు పిల్లిలాగా మెల్లగా బయటికి వస్తుంది. ఇది లేనివారు తుపాకి పైపైన తుడుచుకొని ఊరుకోవాలి.

మూడవది స్క్రూడ్రైవర్లు, మూడు కొలతలు. కొన మర గాడికి సరిగ్గా కూర్చోవాలి. సన్నదానితో తిప్పితే గాడి అరిగిపోయి ఇక ఏ దేవుడూ తిప్పలేడు. కొన మందమైతే ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. పాత తుపాకి గురి తప్పుతున్నదంటే తరచుగా దోషం కర్రను పట్టి ఉంచే మరలు వదులు కావడమే. కాబట్టి ఏదీ విప్పకముందు వాటిని బిగించి చూడండి. కొన్నిటికి ఆరు మూలల రంధ్రం ఉంటుంది. వాటికి వంకర పుల్లల సెట్టు కావాలి.

నాలుగవది ఇత్తడి పంచులు రెండు మూడు, చిన్న సుత్తి. ఉక్కు పంచి జారితే తుపాకి మీద గీత పడుతుంది, ఇత్తడిదైతే పడదు. చీల ఏ వైపు నుంచి ఏ వైపుకు తీశారో వ్రాసుకొని, తిరిగి ఎదురు వైపు నుంచి పెట్టాలి. వైసు దవడలకు పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడగండి.

ఐదవది శ్రావణం, ఒక అయస్కాంతం, గుడ్ల అట్ట. ఆ అట్టలో ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క మరను, విప్పిన వరుసలోనే పెట్టాలి.

ఆరవది నూనెలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బయటి కీలుకు, మరలకు కుట్టుమిషను నూనె ఒక చుక్క. స్ప్రింగుకు, ముషలకపు తోకకు నల్లని మాలిబ్డినం గ్రీజు పలుచని పూత. ముషలకం కొనకు తోలు వాసరు ఉన్న పాత రకమైతే అది ఎండిపోతే గాలి పట్టదు. గొట్టాన్ని ఎక్కుపెట్టకుండా కొంచెం మాత్రమే వంచి, గాలి రంధ్రంలో తోలు నూనె రెండు చుక్కలు వేసి, గొట్టం పైకి ఉండేటట్లు ఒక రాత్రి గోడకు నిలబెట్టాలి. వాసరు కొత్త రకపు ప్లాస్టిక్‌ది అయితే సిలికాను నూనె అర చుక్క చాలు. అంతకు మించి పోస్తే నలిగిన గాలి వేడికి నూనె భగ్గుమని మండుతుంది. డీజిలు ఇంజనులో జరిగేది ఇదే. పెద్ద చప్పుడూ, పొగా వచ్చి "మా తుపాకి బలం పుంజుకొన్నది" అని సంతోషిస్తారు. నిజానికి వాసరూ, స్ప్రింగూ పాడవుతున్నవన్నమాట. తుప్పు వదిలించే స్ప్రే నూనెలు లోపలికి కొట్టరాదు. కొబ్బరినూనె అసలే వద్దు. చలికి గడ్డకట్టి బంక అవుతుంది.

ఏడవది గొట్టం తుడిచే సాధనం. ఇనుప కడ్డీ గుచ్చరాదు. లోపల మెలికలు తిరిగిన సన్నని గాళ్ళున్నవి. వాటివల్లనే గుండు తిరుగుతూ సూటిగా పోతుంది. గాలపు నైలాను దారానికి గుడ్డముక్క కట్టి, వెనుక నుంచి మూతి వైపుకు లాగితే చాలు. అది కూడా తరచుగా అక్కర లేదు.

ఎనిమిదవది విడి సరుకు: ఒక వాసరు, కీలు దగ్గర ఉండే చిన్న రబ్బరు చుట్టు, ఒక స్ప్రింగు. రబ్బరు చుట్టు అరిగినదో లేదో తెలుసుకొనే ఉపాయం ఉన్నది. కీలు మీద సన్నని కాగితపు చీలిక అతికించి, గుండు పెట్టి కాల్చండి. కాగితం రెపరెపలాడితే అక్కడ గాలి పోతున్నదన్నమాట. గుండు ఆగడానికి పాత గుడ్డలు దట్టంగా కుక్కి, వెనుక ఇనుప రేకు పెట్టిన పెట్టె ఉండాలి. స్ప్రింగు మాత్రం పాతదాని బలానిదే కొనండి. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించినా, బలం 20 జౌళ్ళు మించినా లైసెన్సు కావాలి. బలం పెంచబోయి ఇంటిమీదికి తెచ్చుకోవద్దు.

చివరిది ఒక నోటుపుస్తకం. నేను ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో వచ్చిన కాగితాల పట్టీ, పోయిన కాగితాల పట్టీ వ్రాస్తున్నవాడిని. తుపాకికి కూడా అదే తీరు. విప్పినవి ఎన్ని, పెట్టినవి ఎన్ని, తేదీ, ఏ దోషం కనబడింది. రెండు పట్టీలు సరిపోకుండా తుపాకి ఎక్కుపెట్టరాదు. ఒకసారి నాకు ఒక చిన్న చీల మిగిలింది. మళ్ళీ అంతా విప్పవలసి వచ్చింది. విసుగు పుట్టింది కాని విప్పాను.

పెట్టెలో పట్టని జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. గుండు లేకుండా మీట నొక్కరాదు. గాలి మెత్త లేక ముషలకం ఇనుము మీద ఇనుముగా గుద్దుకొంటుంది. గొట్టం వంచి ఉన్నప్పుడు మీట తగిలితే గొట్టం ఎగిరి వేళ్ళు తెగుతవి. గుండు పెట్టేటప్పుడు ఒక చేయి గొట్టాన్ని వదలరాదు. గుండ్లు సీసమువి. పని అయిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కొనిగాని అన్నం ముట్టరాదు, పసిపిల్లలకు అందనీయరాదు. బరంపురం, యానాం వంటి ఉప్పుగాలి ఊళ్ళవారు ముట్టుకొన్నప్పుడల్లా నూనె గుడ్డతో తుడవాలి, తోలు సంచిలో పెట్టి మూయరాదు. అది చెమ్మను దాచుకొంటుంది. మీట కొక్కేన్ని ఆకురాయితో రాచి మెత్తన చేయాలన్న సరదా వద్దు. అది తనంతట జారిపోయే రోజు వస్తుంది. ఇక పోటీలకు వాడే తుపాకులలో గాలి సిలిండరు ఉంటుంది. మోటారు కారు టైరులోని గాలికి అది సుమారు నూరు రెట్లు, అంటే 200 బార్ల ఒత్తిడి. సిలిండరుకు గడువు కూడా ఉంటుంది. దానిని ఇంట్లో విప్పే పెట్టె ఏదీ లేదు. తెలిసినవారి దగ్గరికే పంపాలి.

మా తుపాకి సంగతి ముగిస్తాను. ఈ పెట్టెతో, క్లాంపుతో, మా అమ్మాయి పక్కన అద్దాలు పెట్టుకొని కూర్చుండగా మళ్ళీ విప్పినాము. తోలు వాసరు ఎండి చిప్పలాగా అయినది. అది మార్చి, రబ్బరు చుట్టు వేస్తే గుండు జోరుగా పోయింది కాని ఎప్పుడూ ఎడమకే. చూస్తే వెనుక గురి పక్కకు జరిపి ఉన్నది. తగిలి జరిగినది కాదు, కొట్టి జరిపినది. మామను పిలిపించి చూపించాను. ఆయన తుపాకిని ఒళ్ళో పెట్టుకొని కాసేపు నవ్వి, "అందరు బెలూను కొడితే నేనేం తినాలె, బిడ్డా?" అన్నాడు.

మా అమ్మాయి ఏమీ అనలేదు. మొదట గొట్టం వంచి చూసి "ఖాళీ" అని పైకి చెప్పింది. గుండు ఎటు పోవాలో వెనుక గురిని అటే జరపాలని నేర్చుకొన్నది కాబట్టి, ఇత్తడి పంచి తీసుకొని దానిని కుడికి తట్టింది. తర్వాత నోటుపుస్తకంలో తేదీ వేసి, "తాత జరిపిన గురి సరిచేయబడినది" అని వ్రాసి, తాత చేత సంతకం పెట్టించింది.

యానాం సోదరునికి నా మనవి: మీ తుపాకిని ఇప్పుడే విప్పకండి. ముందు క్లాంపు కొనండి.

వచ్చే నెల ఇంటి తలుపు తాళాల గురించి.