ఎండిన కొమ్మ

ధర్మవరములో మగ్గము నేసే ఒక పెద్దాయనకు, ఆయన కుమారునికి 7 ఏండ్లుగా మాటలు లేవు. క్రిస్మస్‌కు హిందూపురమునుండి వచ్చిన ఆ కుమారునితో చేతులు కలపమని సంఘమంతటి ఎదుట మేము పట్టుబట్టాము. ఆయన లేచి వెళ్లిపోయారు. ఆరాధనకు రావడమే మానేశారు. తప్పు మాదే.

తరువాత కుమారుని చూడబోతూ పెనుకొండలో బస్సు దిగినప్పుడు, మేదరి ఒకాయన వెదురును సెగమీద తిప్పుతూ వంచుతున్నాడు. “పచ్చిదైతే బిర్నే వంగుతుంది సామీ. ఎండినదాన్ని ముందు నానబెట్టల్ల” అన్నాడు.

జపానువారు కుండీలలో పెంచే బోన్సాయ్ చెట్టుకు కొమ్మ ఎండితే, తరచు కొట్టివేయక బెరడు తీసి అలాగే ఉంచుతారు. దానిని ‘జిన్’ అంటారు. అది వంగాలంటే నానబెట్టి ఆవిరి పట్టించాలి. కర్రలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థము ఆ వేడికి మెత్తబడుతుంది. అంగుళము మందానికి సుమారు 1 గంట ఆవిరి అని కర్ర వంచేవారి లెక్క. వంచాక తీగతో కట్టి చల్లారనివ్వాలి. పక్కనున్న పచ్చి బెరడుకు వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టాలి. మేము ఆ గుడ్డ చుట్టలేదు.

ఇప్పుడు మంగళవారాలు ఆ ఇంటికి వెళ్లి మగ్గము పక్కన ఊరకే కూర్చుంటున్నాము. కుమారుని పేరు ఎత్తము. మొన్న ఆయనే, “వాడు హిందూపురములోనే ఉన్నాడా, అయ్యగారూ?” అని అడిగారు.