వేసవి సెలవులు నేర్పిన పాఠము

పరదేశమునకు పోయి వచ్చినవారు అచ్చటి మేడలను, అంగళ్లను వర్ణించుట వాడుక. నేనును మొన్నటి వేసవిలో సింగపూరునకు పోయి వచ్చితిని. కాని యీ మాసము మీతో ముచ్చటింపదలచినది ఆ మేడలనుగూర్చి కాదు. అచ్చట నాకు తెలియవచ్చిన నా లోపమునుగూర్చి.

నా బాల్యసఖి యొకతె పండ్రెండేండ్లుగా నచ్చట కాపురముండి యుద్యోగము చేయుచున్నది. బడులకు సెలవు లియ్యగానే రమ్మని పలుమారులు పిలువగా, మా వారును, పండ్రెండేండ్ల మా పిల్లవాడును, నేనును బయలుదేరితిమి. ఆవకాయ జాడీతోపాటు, ఆమె పదియేండ్ల కూతున కని బొమ్మల భాగవత మొకటి కొనిపోయితిని. ఆ బాలికకు నాలుగు పద్యములు నేర్పి రావలెనని నా సంకల్పము. ఉపాధ్యాయుని యిల్లాలిని గదా! నేర్పుట మా వంతు, నేర్చుకొనుట లోకము వంతు అని లోలోపల గర్వముండెడిది.

మొదటి దెబ్బ భోజనస్థలమున తగిలినది. వంటకము లమ్ము చిన్న దుకాణము లనేకము ఒక్క కప్పు క్రింద చేరియుండు తావులు ఆ యూరంతట గలవు. వానిని ‘హాకర్ సెంటర్లు’ అందురు. 2020వ సంవత్సరమున యునెస్కోవారు ఆ సంప్రదాయమును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. తిన్న పళ్లెమును తిన్నవారే తీయవలెనను నియమము 2021 నుండి గట్టిగా అమలగుచున్నది. నే నలవాటు చొప్పున పళ్లెము విడిచి లేవగా, ఆ పిల్ల మెల్లగా, “పెద్దమ్మా, మనము తిన్నది మనమే తీయవలెను” అనెను. చుట్టును చూచితిని. గొప్ప యుద్యోగులవలె కనబడు పురుషులును తమ యెంగిలి పళ్లెములను తామే మోసికొని పోవుచుండిరి. మా వారును మోసిరి. విస్తరి తీయుట ఆడుదాని నొసట వ్రాసిన పని కాదని నాకు నాడు తోచినది.

రెండవది యంతకంటె లోతైనది. నా భాగవతమును ఆ పిల్ల ముచ్చటగా నందుకొని, బొమ్మలు చూచి, మూసివేసినది. తెలుగు చక్కగా మాటలాడునే గాని యక్షరము రాదు. నాకు మనసు చివుక్కుమన్నది. ఆ రాత్రి సఖితో, “చెల్లీ, ఇంత చదివి బిడ్డకు తల్లిభాష నేర్పలేకపోతివా?” అని కొంచెము పరుషముగనే యంటిని. చెప్పువానికి వినువాడు లోకువ గదా!

ఆమె కోపింపలేదు. “అక్కా, ఇచ్చట బడిలో ప్రతిబిడ్డయు ఆంగ్లముతోపాటు మాతృభాష యను పేర నొక భాష చదువవలెను. మన దేశపు బిడ్డలకు తమిళము, హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ గలవు; తెలుగు లేదు. కావున హిందీ చదువుచున్నది. తెలుగు నేను గాక నేర్పువా రెవరు? నేను పనినుండి వచ్చుసరికి రాత్రి యేడగును. ఆదివారము మాత్రము అరగంట యోనమాలు దిద్దించుచున్నాను. నీ బిడ్డ తెలుగునాటనే పెరిగినవాడు గదా, ఒక పుట చదువుమనుము, మేమందరమును విందుము” అనెను.

మా పిల్లవాడు పుస్తకము విప్పినాడు. ఆంగ్ల మాధ్యమపు చదువు వానిది. ‘ప్రహ్లాదుడు’ అన్నచోట ఆగినాడు. ‘స్తంభము’ అన్నచోట తడబడినాడు. వాక్యము ముగియకముందే వాని కన్నులలో నీరు తిరిగినది. మా వారు తల వంచుకొనిరి. ఊరి పిల్లల కందరకు పాఠములు చెప్పు నింట, సొంతబిడ్డచేత ఒక పుట చదివించి యెన్నాళ్లయినదో నాకు జ్ఞప్తికి రాలేదు. బడిలో తెలుగు పాఠ మున్నది గదా యని నేను నిశ్చింతగా నుంటిని. బడిలో లేదని యెరిగిన ఆ తల్లి అరగంటయైనను కూర్చుండెను. మా యిద్దరిలో భాషను విడిచినది ఎవరు?

క్షమింపుమంటిని. ఆమె నవ్వి, “ఇద్దరిని కలిపి కూర్చుండబెట్టుదము” అనెను. జూను మాసమున అచ్చటి బడులకును సెలవులు. నాటినుండి ప్రతిసాయంకాలము వాడు గుణింతము చెప్పును, ఆమె దిద్దును. చెల్లెలికి తప్పు చెప్పరాదను పట్టుదలతో వాడు ముందుగా తాను చదువుకొన మొదలిడెను. నేర్పువాడే ఎక్కువ నేర్చుకొనునను మాట కన్నులార చూచితిని. మేము మరలివచ్చునాటికి ఆ బాలిక తన పేరును, నా పేరును వ్రాసి యిచ్చినది. ఆ కాగితము నా పూజాపీఠముకడ నున్నది.

ఇప్పుడును వారమునకు రెండుమారులు ఫోనులో వా రిరువురును చెరియొక పుట చదువుదురు. ప్రహ్లాదుని కథ ముగిసి, గజేంద్రుని కథలోనికి వచ్చిరి.

సోదరీమణులారా, ఈ రాత్రి భోజనానంతరమున మీ బిడ్డచేత ఒక్క పుట పైకి చదివింపుడు. తప్పులు వచ్చినచో కసరకుడు. ఆ తప్పులలో మన వంతును గలదు. ఇక మా యింట విస్తళ్ల మాట యందురా? మా పిల్లవాడు తన పళ్లెము తానే తీయుచున్నాడు. వాని తండ్రిగారు మూడుదినములు తీసిరి; నాలుగవనాడు మరచిరి. పాఠము మరల చెప్పవలసియున్నది.