ఏడాది చదువు, ఆపై పోస్టింగు

తెలుగులో ‘వ్యూహం’ అనగానే పద్మవ్యూహమో మకరవ్యూహమో, అంటే రణరంగంలో సేనను నిలిపే తీరు, గుర్తుకు రావడం సహజం. పత్రికల్లోనైతే ఆ మాట ఎప్పుడో ఎన్నికల సలహాదారుల సొత్తయిపోయింది. సైనిక శాస్త్రం మాత్రం సేనను నిలిపే తీరును ఎత్తుగడ అనే అంటుంది. అసలు యుద్ధం చేయాలా వద్దా, చేస్తే దేనికోసం, ఎంత ఖర్చుకు, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలకు ఒక దేశం తన సేనను, ఖజానాను, దౌత్యాన్ని, పరిశ్రమను ఒకే లెక్కలోకి తెచ్చుకొని చెప్పుకొనే సమాధానమే వ్యూహం. పాతికేళ్ల సర్వీసులో ఎత్తుగడల్లో ఆరితేరిన అధికారికి ఈ రెండో విద్య కూడా అబ్బే ఉంటుందనుకోవడం పొరపాటు కనుకనే, దాన్ని విడిగా నేర్పే కళాశాలలు పుట్టాయి.

లండన్‌లో 1927లో మొదలైన ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీ నమూనాలో భారతదేశం నేషనల్ డిఫెన్స్ కాలేజీని నెలకొల్పుకొంది. ఢిల్లీలో, గాంధీ హత్య జరిగిన తేదీనే పేరుగా పెట్టుకొన్న తీస్ జనవరి మార్గ్‌లో ఉన్న ఈ కళాశాలను 1960 ఏప్రిల్ 27న నెహ్రూ ప్రారంభించారు. సైన్యంలో బ్రిగేడియర్లు, నౌకా వైమానిక దళాల్లో ఆ హోదా వారు, ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ వంటి సర్వీసుల నుంచి జాయింట్ సెక్రటరీ స్థాయి వారు, వారితోపాటు మిత్రదేశాల అధికారులు ఇక్కడ 47 వారాలు చదువుతారు. తరువాత బంగ్లాదేశ్‌ను ఏలిన ఎర్షాద్ ఇక్కడి పూర్వవిద్యార్థే. అయితే కళాశాల తెరిచిన రెండేళ్లకే చైనాతో యుద్ధం వచ్చింది; ఆ యుద్ధంలో రవాణాకు తప్ప దాడికి వైమానిక దళాన్ని వాడనే లేదు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న వాదన నేటికీ తెగలేదు గాని, దళాల బలాబలాలను ఒకే బల్ల మీద పరచి తూచే అలవాటు అప్పటి ప్రభుత్వానికి లేదన్నది మాత్రం నిజం.

నమూనా లండన్‌దే అయినా, ఈ చదువు పడమటి నుంచి తెచ్చుకొన్న కొత్త సరుకు కాదు. శామశాస్త్రి పరిష్కరించి 1909లో మైసూరులో అచ్చు వేయించిన అర్థశాస్త్రంలో కౌటిల్యుడు రాజు నేర్వవలసిన విద్యలు నాలుగని చెబుతాడు: తర్కంతో పరీక్షించే ఆన్వీక్షికి, వేదాలైన త్రయి, వార్త, దండనీతి. ఇందులో వార్త అంటే నేటి తెలుగువాడు పొద్దున్నే పత్రికలో చదివే వార్త కాదు. సేద్యం, పశుపోషణ, వాణిజ్యం. ఖజానా, సేన రెండూ వార్త మీదే నిలుస్తాయని, వాటితోనే రాజు స్వపరపక్షాలను వశం చేసుకొంటాడని కౌటిల్యుడి లెక్క. కత్తి పట్టేవాడికి పంట సంగతి తెలియాలన్న ఈ పట్టింపే నేటి పాఠ్యప్రణాళికలోనూ ఉంది. సమాజం, ఆర్థికం, శాస్త్ర సాంకేతికం, ఇరుగుపొరుగు దేశాలు అన్నీ అయ్యాకగాని భద్రతా వ్యూహం వంతు రాదు.

చదువు సారమంతా ఉపన్యాసాల కన్నా చిన్న బృందాల చర్చల్లోనే ఉంటుంది. హోర్ముజ్ జలసంధి మూసుకుపోయిందనే సమస్యను ఒక బృందం ముందు పెట్టారనుకుందాం. తూర్పు నౌకాదళంలో పనిచేసి వచ్చిన కమొడోర్ ఏ ఓడలను ఎన్ని రోజుల్లో అక్కడికి చేర్చవచ్చో చెబుతాడు. ముడిచమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా దిగుమతే గనుక ఆర్థిక శాఖ అధికారి రూపాయి విలువ గురించి బెంగపడతాడు. విశాఖపట్నంలో కొండ తొలిచి కట్టిన నిల్వకేంద్రం సామర్థ్యం 13.3 లక్షల టన్నులని, మంగళూరు, పాదూరు కలుపుకొన్నా అది దేశానికి కొద్ది రోజుల వాడకమేనని పెట్రోలియం శాఖ తెలిసినవారు గుర్తుచేస్తారు. అంతవరకూ మౌనంగా ఉన్న విదేశాంగ అధికారి, కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లి గల్ఫ్‌లో పనిచేస్తున్న వారి సంగతేమిటని అడిగేసరికి, అప్పటిదాకా ఓడల సమస్యగా కనిపించింది మనుషుల సమస్యగా మారిపోతుంది. ఎవరి శాఖలో వారు కూర్చుంటే ఇరవై ఏళ్లకు కూడా తట్టని సంగతి ఆ బల్ల దగ్గర ఒక మధ్యాహ్నంలో తెలిసివస్తుంది.

చిక్కంతా 48వ వారంలో మొదలవుతుంది. చైనా సరిహద్దు మీద ఏడాదిపాటు పరిశోధన వ్యాసం రాసిన అధికారికి, ఆ వ్యాసంతో సంబంధంలేని కుర్చీ దక్కితే అడిగేవారు లేరు. సివిల్ అధికారుల్లో కొందరైతే ఈ ఏడాదిని లూప్‌లైన్ పోస్టింగుగా, అంటే ప్రాధాన్యం లేని చోట కాలక్షేపంగా లెక్కవేస్తారు. రక్షణ శాఖలో ముఖ్యమైన పదవికి ఈ చదువు తప్పనిసరి అర్హత కానంతకాలం వారిని తప్పుపట్టడమూ కష్టమే. బోధించేవారిలో సేనాధికారులు రెండు మూడేళ్లకు బదిలీ అయిపోతారు కాబట్టి, ఒక విషయాన్ని జీవితకాలం పట్టుకొని కూర్చునే పండితుడికి అక్కడ చోటు తక్కువ.

ఈ లోటు తీర్చడానికి రక్షణ విశ్వవిద్యాలయం కావాలని త్రివిధ దళాధిపతుల సంఘం 1967లోనే అడిగింది. కార్గిల్ యుద్ధం తరువాత కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని సమీక్షా సంఘం మళ్లీ అడిగింది. 2013 మే 23న గుర్గావ్ జిల్లా బినోలాలో రెండు వందల ఎకరాలకు పైగా స్థలంలో మన్మోహన్‌సింగ్ శంకుస్థాపన చేశారు. 2015లో ముసాయిదా బిల్లు వచ్చింది. చదువు మాత్రం మొదలుకాలేదు.

విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. రహస్యం అవసరంలేని పరిశోధన వ్యాసాలను బయటి పండితులకూ, జర్నలిస్టులకూ చదవడానికి ఇస్తే, వాటి బాగోగులు నలుగురూ తేలుస్తారు. పదిమంది చదువుతారన్న జంకుతో రాసేవారూ ఇంకాస్త శ్రద్ధగా రాస్తారు. దీనికి మొదటి అడుగు మన దగ్గరే వేయవచ్చు. సికింద్రాబాద్‌లో 1970 నుంచి నడుస్తున్న కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో చదివే అధికారులకు పట్టా ఇచ్చేది ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఆ అధికారుల వ్యాసాల్లో బయటపెట్టదగినవి తన గ్రంథాలయంలో ఉంచుతానని ఉస్మానియా ఆ కళాశాలకు ఒక లేఖ రాసి అడగాలి.