లింకన్ విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ: పూర్వ విద్యార్థుల ఘనత పొలాల్లో ఉంది

న్యూజిలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ గారికి, పాలక మండలి సభ్యులకు

న్యూజిలాండ్‌లో ఉన్న 8 విశ్వవిద్యాలయాల్లో లింకన్ అన్నిటికన్నా చిన్నది. దక్షిణ ద్వీపంలో క్రైస్ట్‌చర్చ్ నగరానికి నైరుతి దిక్కున, కాంటర్‌బరీ మైదానంలోని ఒక చిన్న ఊళ్లో ఉంది. 1878లో వ్యవసాయ పాఠశాలగా స్థాపించారు, తొలి విద్యార్థులు 1880లో చేరారు. 1896లో కాంటర్‌బరీ వ్యవసాయ కళాశాల అయింది, 1961లో లింకన్ కళాశాల అయింది, 1990లో స్వతంత్ర విశ్వవిద్యాలయ హోదా పొందింది. మావోరీ భాషలో దాని పేరు తె ఫారె వానక ఓ ఆవోరాకి. తొలి డైరెక్టర్ విలియం ఐవీ పేరు మీదున్న పాత ఇటుకల భవనం ఐవీ హాల్ ఇప్పుడు గ్రంథాలయం. దక్షిణార్ధగోళంలో వ్యవసాయ విద్య నేర్పే సంస్థల్లో అతి పాతదిగా లింకన్‌కు పేరుంది.

చిన్న విశ్వవిద్యాలయానికి పూర్వ విద్యార్థుల వార్తలు పెద్ద ఆధారం. పెద్ద నగరంలోని పెద్ద సంస్థకు వైద్య కళాశాల, న్యాయ కళాశాల వంటివి ఉంటాయి. వాటి నుంచి వచ్చిన మంత్రులూ న్యాయమూర్తులూ ప్రతిరోజూ పత్రికల్లో కనిపిస్తారు కనుక ప్రచారం దానంతట అదే జరిగిపోతుంది. లింకన్ పట్టభద్రులు ఎక్కువమంది గొర్రెల మందల దగ్గర, పాల డెయిరీల్లో, ద్రాక్ష తోటల్లో, నేల పరీక్షా కేంద్రాల్లో, నదీ జలాల మండళ్లలో పనిచేస్తారు. ఆ పని ఫలితం పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడుతుంది. అందువల్ల అలాంటి వార్తను సంస్థే పూనుకుని వెతికి రాయాలి.

ఈ బాధ్యతను గుర్తించిన వ్యక్తి 1930లోనే ఒకరున్నారు. ఆ ఏడాది న్యూజిలాండ్ గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ బ్లెడిస్లో ఇంగ్లండ్‌లోని సైరన్‌సెస్టర్ వ్యవసాయ కళాశాలలో చదివిన మనిషి. లింకన్‌లో చదువుకుని, భూమి మీద ఆధారపడిన రంగాలకు విశేషమైన సేవ చేసిన పూర్వ విద్యార్థికి ఇవ్వడానికి ఆయన ఒక పతకాన్ని నెలకొల్పారు. ఇప్పటికీ లింకన్ ఇచ్చే పురస్కారాల్లో బ్లెడిస్లో పతకానికి ప్రత్యేక స్థానముంది. క్రీడాభిమానులకు మాత్రం ఆయన పేరు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రగ్బీ జట్లు పోటీపడే కప్పు వల్లే తెలుసు. పతకం ఉద్దేశం సరైనదే. అయితే ఏడాదికి ఒక పేరును ప్రకటించి, వేదిక మీద ఒక ఫొటో తీసినంతలో ఆ మనిషి చేసిన పని లోకానికి అర్థం కాదు.

సాధారణంగా ఏ విశ్వవిద్యాలయమైనా పూర్వ విద్యార్థుల వార్తల్లో ముందుగా పదవులను, తర్వాత ఆటలను చెబుతుంది. లింకన్‌కు ఆ రెండూ ఉన్నాయి. ఇక్కడ చదివిన డాన్ మెకిన్నన్ 1990లలో న్యూజిలాండ్ ఉప ప్రధానిగా, విదేశాంగ మంత్రిగా పనిచేసి, 2000 నుంచి 2008 వరకు కామన్‌వెల్త్ సెక్రటరీ జనరల్‌గా ఉన్నారు. న్యూజిలాండ్‌ను 2011లోనూ 2015లోనూ ప్రపంచ రగ్బీ విజేతగా నిలిపిన కెప్టెన్ రిచీ మెకా వ్యవసాయ శాస్త్రం చదవడానికి ఇక్కడే చేరారు. ఆటే జీవితమైపోవడంతో చదువు పూర్తికాలేదు, 2012లో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఈ పేర్లు చెప్పుకోవడం తప్పు కాదు. అయితే అవి లింకన్ చెప్పకపోయినా లోకానికి తెలుసు. లింకన్ చెబితే తప్ప తెలియనివి వేరే ఉన్నాయి.

కూప్‌వర్త్ గొర్రె వాటిలో ఒకటి. బోర్డర్ లీస్టర్ పొట్టేళ్లను రోమ్నీ గొర్రెలతో దాటించి, ప్రొఫెసర్ ఇయన్ కూప్ బృందం లింకన్‌లో ఈ జాతిని తయారుచేసింది. 1968లో ఈ జాతికి పెంపకందారుల సంఘం ఏర్పడింది. ఆ రోజుల్లో పోటీల్లో గొర్రె విలువను ముఖం, ఉన్ని, నిలబడే తీరు చూసి కట్టేవారు. కూప్‌వర్త్ సంఘం ఆ పద్ధతిని పక్కనపెట్టింది. ఎన్ని పిల్లలు పెట్టింది, ఎంత బరువు పెరిగింది, ఎంత ఉన్ని ఇచ్చింది అన్న లెక్కలు రాసిపెట్టిన మందకే గుర్తింపు ఇచ్చింది. న్యూజిలాండ్ పశుపోషణలో ఇది చిన్న మార్పు కాదు. లింకన్ తన పూర్వ విద్యార్థులను లెక్కించే తీరుకూ ఇదే ప్రమాణం కావాలి.

ఇలాంటి ఘనత తెలుగు నేలకు కొత్త కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది, తర్వాత దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన జరిగాక గుంటూరు వైపు ఒకటి, హైదరాబాద్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో ఒకటి, రెండయ్యాయి. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి వరి దక్షిణ భారతమంతా పాకింది. రైతులు దాన్ని బీపీటీ అంటారు. ఆ మూడక్షరాల్లో బాపట్ల ఊరు ఉంది. మార్టేరు కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, కాటన్ దొర సన్నాలు కూడా అంతే, వాటి ఎంటీయూ నంబర్లు విత్తనాల దుకాణంలో నోటికి వస్తాయి. కానీ సాంబ మసూరిని తయారుచేసిన శాస్త్రవేత్త ఎం.వి. రెడ్డి పేరు ఆ అన్నం తినే కోట్లమందిలో ఎంతమందికి తెలుసు? విత్తనం సంస్థ పేరును మోసింది. మనుషుల పేర్లను, వాళ్లు పడ్డ శ్రమను మోయాల్సింది ఆ సంస్థల వార్తలు, చరిత్రలే. ఆ పని అక్కడా సరిగా జరగలేదు, లింకన్‌లోనూ జరగడం లేదు.

లింకన్ చెప్పదగిన వార్త ఎలా ఉంటుందో లూసర్న్ మేత కథ బాగా చూపిస్తుంది. లింకన్ చుట్టుపక్కల ఏడాదికి కురిసే వర్షం సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా వర్షపాతం కన్నా అది కొద్దిగానే ఎక్కువ. దానికి తోడు వేసవిలో దక్షిణ ఆల్ప్స్ కొండలు దాటి వచ్చే వేడి వాయవ్యగాలి నేలలోని తేమను లాగేస్తుంది. అలాంటి చోట పైపైన వేళ్లుండే రైగ్రాస్ పచ్చిక ఎండిపోతుంది. లూసర్న్ వేళ్లు మీటర్ల లోతుకు దిగి నీళ్లు తెచ్చుకుంటాయి, వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. తెలుగు పాడి రైతులకు ఇది కోసి వేసే పచ్చిమేతగా తెలుసు. న్యూజిలాండ్‌లో చాలాకాలం దీన్ని ఎండుమేతకే ఎక్కువగా వాడేవారు. మందను చాలాకాలం ఒకేచోట వదిలి మేపితే మొక్క చచ్చిపోతుందని రైతులకు అనుభవం.

లింకన్‌లోనే డాక్టరేట్ చేసి, అక్కడే ప్రొఫెసర్ అయిన డెరిక్ మూట్ ఈ సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మొక్క ఏ ఉష్ణోగ్రతకు ఎంత పెరుగుతుంది, ఆకుల నుంచి వేళ్లకు ఆహార నిల్వ ఏ నెలలో దిగుతుంది అన్నవి లెక్కగట్టారు. వసంతంలో తల్లులనూ పిల్లలనూ కలిపి లూసర్న్ మీదికి వదలవచ్చనీ, అయితే పొలాన్ని మడులుగా విభజించి ఒకదాని తర్వాత ఒకటిగా మేపుతూ కోలుకునే గడువు ఇవ్వాలనీ, శరదృతువులో మాత్రం మొక్కను పూతకు రానిచ్చి వేళ్లకు బలం చేరనివ్వాలనీ తేల్చారు. మాక్స్‌క్లోవర్ పేరుతో లింకన్‌లో జరిగిన దీర్ఘకాల మేపు ప్రయోగంలో రకరకాల పచ్చికలను పక్కపక్కనే వేసి చూశారు. నీటి వసతి లేని నేలలో లూసర్న్ మిగతావాటిని మించింది.

ప్రయోగం దగ్గరే ఆగితే అది పరిశోధనా పత్రికలో ఒక వ్యాసంగానే మిగిలేది, కానీ అది రైతు పొలం దాకా వెళ్లింది. దక్షిణ ద్వీపం ఉత్తరపు కొసన మార్ల్‌బరో ప్రాంతంలో, గ్రాస్‌మియర్ సరస్సు దగ్గర బోనవరీ అనే పొలం ఉంది. 1990ల చివర వరసగా వచ్చిన కరువుల్లో ఆ పొలం యజమాని డగ్ ఏవరీ ఆర్థికంగానూ మానసికంగానూ కుంగిపోయారు. ఆ సంగతి తర్వాత ఆయనే పుస్తకంగా రాసి, ఊరూరా తిరిగి చెప్పారు. ఒక సభలో మూట్ మాటలు విని ఆయన తన కొండవాలు పొలాన్ని లూసర్న్ మీదికి మళ్లించారు. మూట్ పొలానికి వచ్చి చూసేవారు, ఏవరీ తన అనుభవం చెప్పేవారు. శాస్త్రం రైతుకు, రైతు అనుభవం శాస్త్రానికి ఉపయోగపడ్డాయి. 2010లో ఏవరీ దక్షిణ ద్వీపపు ఉత్తమ రైతు పురస్కారం అందుకున్నారు. ఒక పట్టభద్రుడి పని ఒక కుటుంబాన్ని నిలబెట్టి, చుట్టుపక్కల పొలాల తీరు మార్చింది. స్నాతకోత్సవం ఫొటోల కన్నా ఇది వందరెట్లు గొప్ప వార్త.

విఫలమైనవాటికి కూడా వార్తల్లో చోటివ్వాలి. కాంటర్‌బరీలో డెయిరీలు పెరిగేకొద్దీ ఆవుల మూత్రంలోని నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలాల్లోకి దిగడం పెరిగింది. విశ్వవిద్యాలయానికి దగ్గర్లోనే ఉన్న తె వైహోరా సరస్సు న్గాయ్ తాహు అనే మావోరీ తెగకు పూర్వీకుల నుంచి వచ్చిన సంపద. చుట్టుపక్కల పొలాల నుంచి చేరే పోషకాలతో దాని నీళ్లు పాడయ్యాయి. ఈ నష్టాన్ని తగ్గించడానికి లింకన్ శాస్త్రవేత్తలు కీత్ కామెరాన్, హాంగ్ డి డీసీడీ అనే పదార్థాన్ని పచ్చిక మీద చల్లే పద్ధతి కనిపెట్టారు. అది నైట్రేట్ ఏర్పడటాన్ని నెమ్మదింపజేస్తుంది. ప్రయోగాల్లో మంచి ఫలితం వచ్చింది, రైతులు వాడారు. పాల ఉత్పత్తుల్లో దాని అవశేషాలు అతి స్వల్పంగా కనబడటంతో 2013 జనవరిలో అమ్మకాలు ఆపేశారు. ఆహార భద్రతకు ప్రమాదం లేదని అధికారులు చెప్పినా, ఎగుమతి మార్కెట్లో అనుమానాన్ని భరించే పరిస్థితి లేదు. ఇది పరిశోధకుల తప్పు కాదు. ఒక పరిష్కారం పొలంలో నెగ్గి, మార్కెట్లో ఎందుకు ఓడిందో రేపటి విద్యార్థికి తెలియాలి. 2021 జులై నుంచి పచ్చిక భూముల్లో కృత్రిమ నత్రజని ఎరువుకు హెక్టారుకు ఏడాదికి 190 కిలోల పరిమితి ఉంది. ఆ పరిమితి వెనుకనున్న సమస్య మీద లింకన్ మనుషులు ఎన్నేళ్లు పనిచేశారో వార్తల్లో చదివినవాళ్లకు అర్థం కావాలి.

సంస్థ ఉనికికీ ఈ వార్తలకూ సంబంధం ఉంది. 2010 సెప్టెంబరు, 2011 ఫిబ్రవరి భూకంపాలు క్రైస్ట్‌చర్చ్‌ను కూల్చినప్పుడు లింకన్ భవనాలూ దెబ్బతిన్నాయి. 2018లో కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంతో విలీనం ప్రతిపాదన వచ్చింది, జరగలేదు. కొత్త విజ్ఞాన భవనం వైమారియె లేచింది. ఇంత చిన్న సంస్థ విడిగా ఎందుకు ఉండాలన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. దానికి విద్యార్థుల సంఖ్య జవాబు కాజాలదు. పట్టభద్రులు చేసిన పనులను సాక్ష్యాలతో చూపడమే జవాబు.

అన్నిటికన్నా పెద్ద లోటు విదేశీ పట్టభద్రుల విషయంలో ఉంది. 1950లో ఆసియా దేశాలకు సాయం చేసే కొలంబో ప్రణాళిక రూపుదిద్దుకున్నప్పుడు న్యూజిలాండ్ అందులో ముందువరసలో ఉంది. ఢిల్లీలో ఎయిమ్స్ నిర్మాణానికి నిధులిచ్చింది ఆ దేశమే. భారత పాల సహకార ఉద్యమ నేత వర్గీస్ కురియన్ 1950ల మొదట్లో న్యూజిలాండ్ వెళ్లి సహకార డెయిరీల పనితీరు చూసివచ్చారు. ఆ ప్రణాళిక కింద ఆసియా దేశాల నుంచి ఎందరో న్యూజిలాండ్ చదువులకు వెళ్లి, తిరిగొచ్చి తమ దేశాల ప్రభుత్వ శాఖల్లో పనిచేశారు. ఇప్పుడు భారత్ నుంచి వెళ్లేవాళ్లు సొంత డబ్బుతో, చాలాసార్లు కుటుంబం చేసిన అప్పుతో వెళ్తున్నారు. గుంటూరు, వరంగల్, కర్నూలు వైపు వ్యవసాయ బీఎస్సీ చదివిన పిల్లలకు లింకన్ వంటి చోటు సహజమైన ఎంపిక. అలాంటి విద్యార్థి విశ్వవిద్యాలయ ప్రచార చిత్రాల్లో నవ్వుతూ కనిపిస్తాడు, పట్టా చేతికొచ్చాక వార్తల్లో కనిపించడు. కాంటర్‌బరీ డెయిరీలో మేనేజరుగా చేరినా, నేల ప్రయోగశాలలో పనిచేసినా, ఊరికి తిరిగొచ్చి బిందుసేద్యం పెట్టినా అది లింకన్ చదువు ఫలమే. చేరేటప్పుడు లెక్కలోకి వచ్చిన మనిషి సాధించినప్పుడు కూడా లెక్కలోకి రావాలి. ఇది మర్యాద కోసం అడిగేది కాదు, న్యాయం కోసం అడిగేది.

విశ్వవిద్యాలయం చేయగల పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పాత ఫొటోలు, పత్రాలు భద్రపరిచే లివింగ్ హెరిటేజ్ అనే సేకరణ లింకన్‌కు ఇప్పటికే ఉంది. పూర్వ విద్యార్థుల పని వివరాలను అందులో చేర్చవచ్చు: ఏ నేల మీద, ఏ సంవత్సరాల్లో, ఎవరితో కలిసి పనిచేశారు, ఏది నెగ్గింది, ఏది నెగ్గలేదు. బ్లెడిస్లో పతకం అందుకున్న ప్రతి ఒక్కరి గురించీ పదవుల జాబితా కాకుండా, చేసిన ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా వివరించే వ్యాసం రావాలి. విదేశీ పట్టభద్రులను చదువు ముగిసిన ఐదో ఏట, పదో ఏట పలకరించి, వాళ్లు ఇష్టపడితే వాళ్ల మాటల్లోనే రాయించాలి. హిందీ, తెలుగు, మాండరిన్ వంటి భాషల్లో ఇచ్చిన వివరాలను ఆ భాషల్లోనే ఉంచి, పక్కన ఇంగ్లిష్ అనువాదం చేర్చాలి. ఇంట్లో ఆ చదువుకు డబ్బు కట్టిన తల్లిదండ్రులు కూడా చదవగలగాలి కదా. పట్టభద్రుడు పనిచేసిన పొలం రైతు పేరు, ఆయన ఒప్పుకుంటే, ఆ వ్యాసంలో శాస్త్రవేత్త పేరు పక్కనే ఉండాలి. 2028లో సంస్థకు 150 ఏళ్లు నిండుతాయి. ఉత్సవాల సంచిక కోసం హడావుడిగా పేర్లు పోగుచేయకుండా, ఈ సేకరణను ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. వయసు మీదపడిన తొలితరం విదేశీ విద్యార్థుల దగ్గరికి ముందుగా వెళ్లాలి.