పాలుట్లను అడిగిందెవరు?

2025 ఫిబ్రవరి 13న ఢిల్లీలో న్యాయ మంత్రిత్వ శాఖ న్యాయవాదుల చట్టానికి సవరణ ముసాయిదా బయటపెట్టింది. అభ్యంతరాలుంటే 28లోగా ఈమెయిల్లో పంపమంది. పదిహేను రోజులు! చట్టం చేసేముందు జనానికి కనీసం ముప్పై రోజులివ్వాలని, దానివల్ల ఎవరి హక్కులకు, ఎవరి బతుకుతెరువుకు ఏమవుతుందో రాసి ముందుపెట్టాలని 2014లోనే అన్ని శాఖలకూ తాఖీదులిచ్చింది ఎవరనుకున్నారు? ఇదే న్యాయ మంత్రిత్వ శాఖ. ఊరందరికీ చెప్పిన నీతి తన ఇంటికి మాత్రం పనికిరాలేదు.

వకీళ్ళు భగ్గుమన్నారు, 22కల్లా ముసాయిదా వెనక్కి పోయింది. కోర్టుల బహిష్కరణ మీద నిషేధం, బార్ కౌన్సిల్లో కేంద్రం మనుషులు, విదేశీ సంస్థలు... పోట్లాట వీటిమీదే. అవి చిన్న సంగతులని నేననను. కానీ ఆ పది రోజుల రభసలో కక్షిదారు అన్న మాట నాకు వినపడలేదు. నల్లమల లోపలి పాలుట్ల చెంచుల మాట అడిగిందెవరు? వెలిగొండ జలాశయం కింద ఊళ్ళు వదులుకునే సుంకేసుల, గొట్టిపడియ మనుషుల్ని అడిగిందెవరు? పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగి ఊపిరి పోగొట్టుకున్నవాళ్ళు, ఫ్లోరైడు నీళ్ళకు కాళ్ళు వంకర్లు పోయి వికలాంగుల సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్ళు... వీళ్ళకి వకీలు ఎలా దొరుకుతాడో తేల్చేది కూడా ఆ చట్టమే కదా!

1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను చదివితే కడుపు నిండుతుంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలు. సరే, ఇచ్చారే అనుకోండి. ఆ వకీలుకి చెంచుపెంట (అడవిలో చెంచుల గూడెం) అంటే ఏమిటో, అటవీ హక్కుల పట్టా ఎందుకు ఆగిందో తెలియాలి కదా. తెలిసినవాడు ఆ పెంటలోంచే రావాలి. రానిచ్చారా?

చట్టంలో రాసుకున్న నమోదు రుసుము మామూలువాళ్ళకి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు గుంజింది వేలల్లో. ఒడిశాలో అయితే నలభై రెండు వేల పైచిలుకు! 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇది చెల్లదంది, అట్టడుగువాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తోందంది. సంతోషం. అప్పటికే కట్టించుకున్నది మాత్రం వెనక్కివ్వక్కర్లేదంది. పుస్తెలు తాకట్టు పెట్టి కట్టిన తల్లికి ఆ తీర్పు చదివి వినిపించండి, ఏమంటుందో చూద్దాం. ఆ పైన అఖిల భారత బార్ పరీక్ష ఉంది. 125 కట్టమన్న బిడ్డ దగ్గర ఆ పరీక్షకి 2,500!

ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి తల్లి పెంచిన ఒక కుర్రాడు వకీలై, బారిస్టరై, ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన పేరే జిల్లాకి పెట్టుకున్నాం. (1970 దాకా మా మార్కాపురంవైపు వాళ్ళం కర్నూలు జిల్లావాళ్ళం. 2025 చివర మార్కాపురం జిల్లా వచ్చింది కనుక ఇప్పుడు ఆ పేరూ మాది కాదు లెండి.) ఈ రోజుల్లో ఆ పూటకూళ్ళమ్మ కొడుకు నల్లకోటు వేసుకోవాలంటే ఎన్ని వేల భోజనాలు వడ్డించాలో!

జిల్లా వచ్చింది, మంచిదే. కలెక్టరేటు బోర్డు మారినంత తేలిగ్గా కోర్టులు కదలవు. గిద్దలూరు నుంచి ఒంగోలుకి సుమారు 150 కిలోమీటర్లు. తెల్లారుజామున బస్సెక్కి పోతే, వకీళ్ళు విధులు బహిష్కరించారు, వాయిదా పడింది అంటారు. బహిష్కరణ వకీలు హక్కా కాదా అని తలలు పండినవాళ్ళు వాదించుకుంటారు. ఆ పూట కూలీ పోయిన మనిషి లెక్క ఏ పక్షం కాగితంలో ఉంది?

ఇంగ్లండులో 2010 సమానత్వ చట్టం ప్రకారం ప్రభుత్వ బాధ్యతలు నడిపే సంస్థ ఏదైనా, తన నిర్ణయంతో ఆడవాళ్ళకి, వికలాంగులకి, మైనారిటీ జాతులకి ఏమవుతుందో ఆలోచించి తీరాలి. న్యాయవృత్తిని నియంత్రించే సంస్థలు ఆ లెక్క రాసి బయట పెడతాయి. అక్కడంతా బంగారమని కాదు. కనీసం అడుగుతారు. మన దగ్గర కులం ఉంది, తండా ఉంది, పెంట ఉంది. అడగడానికి ఇంకెన్ని కారణాలు కావాలి?

మార్పులు చేసి మళ్ళీ జనం ముందు పెడతామని ఢిల్లీ అప్పుడే చెప్పింది. పెట్టండి. తెలుగులో అచ్చేసి మార్కాపురం కోర్టు గోడకి, యర్రగొండపాలెం బస్టాండుకి, దోర్నాలలో అడవి దారి మొదలయ్యే చోట అంటించండి. పాలుట్ల నుంచి మనిషి దిగివచ్చి, చదివించుకుని, తన మాట చెప్పి పోయేదాకా ఆగండి. ముప్పై రోజులు. అది మేమడిగే దానం కాదు, మీరు రాసుకున్న లెక్కే.