చూపుతో పిల్లలు పెరగవు



చేప చూపుతో, తాబేలు తలపుతో, పక్షి స్పర్శతో పిల్లలను పోషిస్తాయని, సజ్జన సాంగత్యం కూడా అట్లే మనలను పోషిస్తుందని ఒక పాత ఉపమానం ఉంది. మూలశ్లోకంలో ఆ మూడూ స్త్రీలింగ శబ్దాలే. ముప్పదియేండ్లకు పైగా నేను దానికి ప్రతిపదార్థ తాత్పర్యాలు చెప్పి పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఉపమానంగా అది రమ్యమే. దానిమీద నాకు కోపం లేదు.

నా కోపం వేరొకచోట. ఈమధ్య ఒక బారసాల విందులో, బిడ్డకోసం ఉద్యోగానికి సెలవు పెట్టిన యువకుణ్ణి పట్టుకొని ఒక పెద్దాయన ఈ ఉపమానమే చెప్పి, "బిడ్డల పని ఆడదానిదని ప్రకృతే నిర్ణయించిందోయ్, చేపను చూసైనా తెలుసుకో" అన్నారు. అందరూ నవ్వారు. విస్తరి ముందు వాదమెందుకని ఊరకున్నాను. ఇంటికి వచ్చాక ఊరకుండలేకపోతున్నాను.

చేపను సాక్షిగా పిలిచినది వారు. కనుక సాక్ష్యం పూర్తిగా వినవలసినదీ వారే.

చేపలలో అధికభాగం గుడ్లు విడిచి తమ దారిన తాము పోతాయి. అక్కడ తల్లీ లేదు, తండ్రీ లేదు. సంతానాన్ని కాచే జాతులలో మాత్రం ఎక్కువగా కనబడే పద్ధతి తండ్రి ఒక్కటే కాయడం! 1973లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన టిన్‌బెర్గెన్ ఏండ్ల తరబడి పరిశీలించిన స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపను చూడండి. మగది నాచుపోగులు తెచ్చి, తన మూత్రపిండాలలో పుట్టే జిగురుతో అతికి గూడు కడుతుంది. ఆడది గుడ్లు పెట్టగానే దానిని తరిమివేస్తుంది. ఆపైన గుడ్లకు ప్రాణవాయువు అందడానికి ప్రక్కరెక్కలతో గూటిలోకి నీటిని విసరుతుంది. పిండాలు పెరిగేకొద్దీ విసరడమూ పెరుగుతుంది. ఇందులో ఒక చిత్రమున్నది. నీటిని ముందుకు త్రోస్తే దేహం వెనుకకు పోతుంది గదా! అట్లు పోకుండా తోకతో ఎదురీదాలి. ఉన్నచోట ఉండడానికే అంత శ్రమ. గట్టున నిలిచినవాడికి మాత్రం ఆ చేప ఊరక చూస్తున్నట్లే ఉంటుంది. బహుశః ఉపమానం పుట్టినది ఇటువంటి గట్టుమీదనేనేమో.

ఇక ఉత్తర అమెరికా సరస్సులలోని స్మాల్‌మౌత్ బాస్. వసంతంలో మగది తోకతో అడుగు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తరువాత వారాల తరబడి కాపలా మగదానిదే. రాత్రి కూడా విశ్రాంతి లేదు. గూడు విడిచి వేటకు పోవడానికి వీలులేదు కనుక తిండి బాగా తగ్గిపోతుంది. శీతకాలానికి ముందు దాచుకొన్న క్రొవ్వు కరుగుతుంది. కెనడాలోని ఒపినికాన్ సరస్సులో శాస్త్రజ్ఞులు ఈ చేపల దేహంలో చిన్న రేడియో యంత్రాలు అమర్చి ఈ శ్రమను కొలిచారు; 2002లో ప్రకటించారు. ఈ తండ్రిని గాలంతో పట్టి, సరదా తీరాక "వదిలేశాం గదా" అనేవారున్నారు. అది తిరిగి వచ్చే లోపల బ్లూగిల్, పెర్చ్ వంటివి నిమిషాలలో గూటిని దోచుకొంటాయి. అలసిన తండ్రి ఒక్కొక్కప్పుడు గూటికే రాదు.

తండ్రిచేప మహాత్ముడని నేననడం లేదు. కాచే గూటికి పలు ఆడచేపలు వచ్చి గుడ్లు పెడతాయన్న లాభమూ దానికి ఉన్నది. కొన్ని జాతులలో అది తన గుడ్లనే కొన్నింటిని తినివేస్తుంది కూడా. చేపను చూసి మనిషి బ్రతకాలని అసలే అనను. "ప్రకృతి నిర్ణయం" అనే మాటను ఎదుటివాడి నోరు మూయించడానికి వాడవద్దని మాత్రమే అంటున్నాను.

నా ఇద్దరు బిడ్డలు పుట్టినప్పుడు నేను బడిలో ఈ శ్లోకమే చెబుతున్నాను. రాత్రులు మేల్కొన్నది మా ఆవిడ. నేను చూశాను. నిజంగా చూపుతోనే పోషించాను.

ఆ పెద్దాయన ఈ టపా చదువుతారని తెలుసు. వ్యాఖ్య వ్రాస్తే తప్పక ప్రచురిస్తాను. ఏ చేప అన్నది మాత్రం పేరుతో సహా చెప్పాలి.