పాత ఆర్కేడ్ యంత్రాన్ని పీకేయకండి

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ సామాన్ల ప్రకటనల్లో అప్పుడప్పుడూ 1980ల నాటి ఆర్కేడ్ గేమ్ యంత్రం కనిపిస్తుంది. కింద రెండే ముక్కలు: పని చెయ్యదు, వచ్చి తీసుకెళ్లాలి. బరువు వంద కిలోలు దాటుతుంది, మెట్లు దింపాలంటే ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు అది పోతే చాలు. అందుకే ధర నేల మీద ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, బేస్‌మెంట్‌లో ఒక ప్యాక్‌మ్యాన్ ఉంటే బాగుండునని ఆశపడే తెలుగువాళ్లూ ఈ బేరాలు వెతుకుతుంటారు.

అలా వెతికేవాళ్లు పని చెయ్యని యంత్రాన్ని చూసి భయపడనక్కర్లేదు. చక్కగా వెలుగుతున్నా లోపలి అసలు భాగాలు పీకేసిన యంత్రం కంటే, మూగబోయినా ఎవరూ చెయ్యి పెట్టని యంత్రమే మంచి బేరం. మొదటిదాంట్లో సాధారణంగా ఉండేది ఎల్‌సీడీ తెర, వందల గేములు నింపిన చవక బోర్డు. ఆ గేములు ఇంట్లో కంప్యూటర్ మీదా ఆడుకోవచ్చు. 1997లో వచ్చిన మేమ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని ఎప్పుడో సుళువు చేసింది. ఆర్కేడ్ యంత్రానికి సరిపడే కొత్త పిక్చర్ ట్యూబు మాత్రం ఇప్పుడు తయారు కావడం లేదు. చెత్తకుప్పకు పోయిన ట్యూబు పోయినట్టే.

చాలాసార్లు జబ్బు చిన్నదే. ఫ్యూజు ఎగిరిపోవడం, అయిదు వోల్టులు ఇవ్వాల్సిన పవర్ సప్లై బలహీనపడటం, బోర్డు అంచున రాగి పళ్లకు మసి పట్టడం. ఆ మసిని మెకానిక్కులు పెన్సిల్ రబ్బరుతో రుద్ది వదిలిస్తారు. డబ్బు చేతికిచ్చే ముందు వెనక తలుపు తీయించి టార్చి వేసి చూడాలి. విలియమ్స్ కంపెనీ వాళ్ల డిఫెండర్, రోబోట్రాన్ బోర్డుల మీద హైస్కోర్లు దాచేందుకు మూడు పెన్సిల్ బ్యాటరీలుంటాయి. ఏళ్ల తరబడి మార్చకపోతే అవి కారి, పక్కనున్న రాగి గీతల్ని తినేస్తాయి. ఆకుపచ్చ తుప్పు కనిపిస్తే ధర ఇంకా తగ్గించమని అడగాల్సిందే. తెర ఆపేసినా ప్యాక్‌మ్యాన్ దారులు నీడలా కనబడుతుంటే ఆ ట్యూబు బాగా అరిగిందని లెక్క. అయితే చూడటం వరకే, ముట్టుకోకూడదు. ప్లగ్గు పీకాక కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఆ పని తెలిసినవాళ్లకే వదలాలి.

చచ్చిపోయిందనుకున్న బోర్డు లేచిన సందర్భాలూ ఉన్నాయి. క్యాప్‌కామ్ 1993 నుంచి వాడిన సీపీఎస్-2 బోర్డుల్లో గేమును విప్పే రహస్య సంకేతం బ్యాటరీ బలం మీదే నిలుస్తుంది. బ్యాటరీ అయిపోతే గేమూ పోతుంది. అలాంటి బోర్డుల్లోకి ఆ సంకేతాన్ని తిరిగి ఎక్కించే దారిని 2016లో ఔత్సాహికులే కనిపెట్టారు. అంతకుముందే వాటిని పారేసినవాళ్ల సంగతేమిటి?

వేల్స్ ఉత్తర తీరంలో 1979లో ఒడ్డుకు చేర్చిన డ్యూక్ ఆఫ్ లాంకాస్టర్ ఓడ కథ ఇంకా గొప్పది. దాన్ని వినోదశాలగా నడిపి తర్వాత మూసేశారు. లోపలి ఆర్కేడ్ యంత్రాలు పాతికేళ్లకు పైగా చీకట్లోనే ఉండిపోయాయి. చివరికి కొందరు సేకర్తలు కొని, క్రేన్లతో బయటికి దింపించుకున్నారు. ఎవరూ ముట్టుకోకపోవడమే వాటికి మేలు చేసింది.

మార్పులు కొత్తేమీ కాదు కదా అనేవాళ్లున్నారు. నిజమే. 1981లో నింటెండో అమెరికాలో అమ్ముడుపోని రెండు వేల దాకా రాడార్ స్కోప్ యంత్రాల్ని డాంకీ కాంగ్‌గా మార్చింది. కంపెనీ నిలదొక్కుకుంది, ఇవాళ మాత్రం చెక్కుచెదరని రాడార్ స్కోప్ దొరకడం గగనం. 1985లో జపాన్‌లో జామా ప్రమాణం వచ్చాక, 56 పిన్నుల ఒకే కనెక్టర్‌తో బోర్డులు మార్చుకునేలానే క్యాబినెట్లు తయారయ్యాయి. వాటిలో గేము మారిస్తే ఎవరికీ నష్టం లేదు. తొంభైల్లో మన పార్లర్లలో కుర్రాళ్లు ‘ముస్తఫా’ అని పిలుచుకున్న క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ కూడా ఆ తరానిదే. ఒకే గేము కోసం బొమ్మలు వేసి, మీటలు బిగించి చేసిన పాత పెట్టెల విషయంలోనే పట్టుదల అవసరం.

ఇండియాకు తెప్పించుకునేవాళ్లు 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, ఓడ రవాణా, కస్టమ్స్ సుంకం ముందే కలుపుకోవాలి. అవన్నీ కలిస్తే చవక బేరం చవకగా మిగలకపోవచ్చు. ఎక్కడ కొన్నా, కొత్త తెర పెట్టక తప్పకపోతే పాత ట్యూబు, బోర్డు, వైర్ల కట్ట అమ్మేయకుండా పేరు రాసిన అట్టపెట్టెల్లో దాచి, యంత్రం చేతులు మారినప్పుడు వాటినీ వెంట పంపాలి.